ఇత్తడి రేకు నుంచి తుప్పు పట్టిన బొగ్గు వ్యాగన్ దాకా: ఎచ్డ్ కిట్ ఎలా కట్టాలి

"ఇత్తడి కిట్ తెప్పించుకున్నానండీ. కవరు విప్పితే రెండు పల్చటి రేకులు, చిన్న ప్యాకెట్‌లో ఏవో లోహపు ముక్కలు, ఒక కాగితం ఉన్నాయి. ఇప్పుడు ఏం చేయాలి?" ఈ ప్రశ్న నాకు హైదరాబాద్ నుంచి వస్తుంది, వైజాగ్ నుంచి వస్తుంది, ఇక్కడ ఇంగ్లండ్‌లోనే ఉంటున్న మనవాళ్ల నుంచీ వస్తుంది. ఇది రైలు మోడల్ కిట్. ఎచ్డ్ (ఎచ్ చేసిన) అంటే, రసాయనంతో ఇత్తడి రేకును తినిపించి ముక్కల ఆకారాలు, మడత గీతలు తెచ్చినదని. ప్లాస్టిక్ కిట్లు చాలా కట్టినవాళ్లు కూడా ఇత్తడి అనేసరికి టెన్షన్ పడతారు. అందుకని ఒకే ఒక వ్యాగన్ తీసుకుని, మొదటి కోత నుంచి చివరి తుప్పు మరక వరకు వరసగా రాస్తున్నాను.

ఆ వ్యాగన్ బ్రిటిష్ రైల్వేస్ 16 టన్నుల మినరల్ వ్యాగన్. 1948లో బ్రిటన్ రైల్వేలు జాతీయం అయ్యాక, గనుల నుంచి బొగ్గు మోయడానికి ఇలాంటివి లక్షల్లో తయారయ్యాయి. నాలుగు చక్రాలు, పైకప్పు లేని ఉక్కు పెట్టె, అంతే. 1980ల దాకా ఇవి పట్టాల మీద కనబడ్డాయి. నేను లెస్టర్‌లో ఉంటాను. పక్కనే లఫ్‌బరోలో గ్రేట్ సెంట్రల్ రైల్వే వాళ్లు ఇలాంటి వ్యాగన్లను ఒక బండిగా కూర్చి నడుపుతారు. వాటి పక్కన నిలబడి చూశాక నాకు ఒక విషయం అర్థమైంది. తుప్పు ఎక్కడపడితే అక్కడ పట్టదు. ప్రతి మరకకూ ఒక కారణం ఉంటుంది. ఆ కారణాన్ని పెయింట్ వేసేటప్పుడు కాదు, రేకు ఇంకా చదునుగా ఉన్నప్పుడే ఆలోచించాలి. ఈ గైడ్ అంతా ఆ పద్ధతిలోనే ఉంటుంది.

మన స్కేలు 4 మి.మీ. అసలు బండిలో ఒక అడుగు మోడల్‌లో 4 మి.మీ. అవుతుంది. అసలు వ్యాగన్ పొడవు 16 అడుగుల 6 అంగుళాలు కాబట్టి మనది 66 మి.మీ. ఇరుసుల మధ్య దూరం 9 అడుగులు, అంటే 36 మి.మీ. ఈ రెండు అంకెలు టేబుల్ మీద ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. కిట్ ఎవరిదైనా, ఇవి తేడా వస్తే ఎక్కడో మడత తప్పిందని అర్థం.

కావలసినవి

- సోల్డరింగ్ ఐరన్: 40 నుంచి 60 వాట్లది, వేడి తగ్గించి పెంచుకునే వీలున్నది. 25 వాట్లది సర్క్యూట్ బోర్డులకు సరిపోతుంది కానీ ఇత్తడి వేడిని లాగేసుకుంటుంది, అందుకని చాలదు. మొన సూదిలా కాకుండా ఉలిలా బల్లపరుపుగా ఉండాలి.
- సోల్డర్: 60/40 తగరం–సీసం తీగ. లోపల రోజిన్ లేనిది దొరికితే మంచిది.
- ఫ్లక్స్ (సోల్డర్ లోహానికి పట్టేలా చేసే ద్రవం): పలచని ఫాస్ఫారిక్ ఆమ్లం. రెడీగా దొరకకపోతే ల్యాబ్ కెమికల్స్ అమ్మే షాపులో 85 శాతం ఆమ్లం తీసుకుని, 100 మి.లీ. నీటిలో 10 మి.లీ. ఆమ్లం నెమ్మదిగా పోయండి. సుమారు 12 శాతం వస్తుంది. ఆమ్లాన్నే నీటిలో పోయాలి, నీటిని ఆమ్లంలో పోయకూడదు. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి.
- సన్నటి ఆకురాళ్లు, బలమైన బ్లేడున్న కత్తి, రెండు స్టీలు స్కేళ్లు, చిన్న మూలమట్టం, మందపాటి గాజు పలక, పట్టకారు, చెక్క క్లిప్పులు.
- పిన్‌పాయింట్ (కొనలు సూదిలా మొనదేలిన) ఇరుసులున్న చక్రాలు, వాటికి ఇత్తడి బేరింగులు. ఇవి చాలా కిట్లలో రావు, విడిగా కొనాలి. ఆర్డర్ పెట్టేముందే చూసుకోండి.
- ఎరాల్డైట్, ప్రైమర్ స్ప్రే, అక్రిలిక్ రంగులు, మామూలు హెయిర్ స్ప్రే, మ్యాట్ వార్నిష్.
- ఆర్టిస్టులు వాడే ఆయిల్ రంగుల్లో బర్న్ట్ అంబర్, బర్న్ట్ సియన్నా, నలుపు. కొంచెం టర్పెంటైన్.

కిటికీ తెరిచి, చిన్న ఫ్యాను పొగను బయటికి నెట్టేలా పెట్టుకోండి. సీసం ఉన్న సోల్డర్ పట్టుకున్న చేతులతో ఏమీ తినకండి, పని కాగానే సబ్బుతో కడుక్కోండి. ఇంట్లో చిన్న పిల్లలుంటే వంటింటి బల్ల మీద ఈ పని వద్దు.

1. ముందు ఫొటోలు చూడండి

మీరు చేయబోయే కాలానికి చెందిన అసలు వ్యాగన్ ఫొటోలు కనీసం నాలుగు ఎదురుగా పెట్టుకోండి. ఇంకో మోడల్ ఫొటో చూసి చేయకండి. వాళ్లు చేసిన తప్పు మీ వ్యాగన్‌లోకీ వస్తుంది.

మూడు విషయాలు గమనించండి. ఒకటి, వ్యాగన్ ఒక చివర తలుపు ఉంటుంది, రెండో చివర ఉండదు. రెండు, పక్క గోడ మీద ఏటవాలుగా ఒక తెల్ల చార ఉంటుంది. దాని పై కొన ఏ చివరికి పోతుందో ఆ చివరే తలుపు ఉంటుంది. బొగ్గు ఒంపేవాళ్లకు దూరం నుంచే తెలియడానికి ఆ గుర్తు. మూడు, పక్క నుంచి చూస్తే బ్రేక్ లివర్ చేతిపిడి మన కుడి చేతి వైపు చివర ఉంటుంది. రెండో పక్కకు వెళ్లి చూసినా కుడివైపే. ఈ మూడూ కాగితం మీద బొమ్మ గీసుకోండి. అంతా అతికించాక చార తప్పు దిక్కులో ఉందని కనిపెడితే చాలా బాధగా ఉంటుంది.

2. రేకు లోంచి ముక్కలు కోయడం

అన్నీ ఒకేసారి కోసేయకండి. ఏ మెట్టుకు కావలసినవి ఆ మెట్టులోనే కోయండి. చిన్న ముక్కలు రేకులో ఉన్నంతవరకే పేరూ ఊరూ తెలుస్తుంది.

మెత్తని కటింగ్ మ్యాట్ మీద కోస్తే కత్తి ఒత్తిడికి ముక్క కిందికి వంగుతుంది. గట్టి చెక్క ముక్క మీదో, పాత టైల్ మీదో పెట్టి, ట్యాబ్ (ముక్కను రేకుకు పట్టి ఉంచే సన్నటి వంతెన) మీద కత్తి నిలువుగా ఆనించి ఒక్క నొక్కు నొక్కండి. కళ్లద్దాలు పెట్టుకోండి, బ్లేడు మొన విరిగి ఎగిరే అవకాశం ఉంది. మిగిలిన ట్యాబ్ మొదలును ఆకురాయితో అంచు పొడవునా, ఒకే దిక్కులో అరగదీయండి. అడ్డంగా గీకితే పల్చటి రేకు వంగుతుంది.

వేలి గోరుతో అంచు పొడవునా రాసి చూడండి. ఎక్కడైనా గోరు తగిలి ఆగితే ట్యాబ్ ఇంకా ఉన్నట్టే. ఎచ్ చేసిన అంచు మధ్యలో సన్నటి గీరలా పొడుచుకు వచ్చి ఉంటుంది, దాన్నీ తీసేయాలి. ముఖ్యంగా రెండు ముక్కలు కలిసే చోట.

3. సొట్టలు, రివెట్లు: రేకు చదునుగా ఉన్నప్పుడే

చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. పూర్తయ్యాక వాళ్ల వ్యాగన్ ఎంత తుప్పు పూసినా కొత్త అగ్గిపెట్టెలాగే కనబడుతుంది.

అసలు వ్యాగన్లలో బొగ్గు పైనుంచి పడేది, ఖాళీ చేసేటప్పుడు క్రేన్ పంజాలు లోపలి గోడలకు కొట్టుకునేవి. నిలువు బద్దల మధ్య రేకు బయటికి ఉబ్బేది. మీ రేకును నాలుగు మడతలు వేసిన పాత కాటన్ గుడ్డ మీద లోపలి ముఖం పైకి ఉండేలా పెట్టండి. రీఫిల్ అయిపోయిన బాల్ పెన్ను లాంటి గుండ్రటి మొనతో, బద్దల మధ్య భాగంలో మెల్లగా సున్నాలు చుడుతూ రుద్దండి. అర మిల్లీమీటరు ఉబ్బు కూడా ఎక్కువే. అన్ని గళ్లలోనూ వద్దు. ఒక పక్క రెండు, ఇంకో పక్క ఒకటి చాలు. బద్దలు పడే గీతలను మాత్రం తాకకండి, అవి తిన్నగానే ఉండాలి.

మీ కిట్ రివెట్ల రకానిదైతే రేకు వెనక చిన్న గుంటలు ఉంటాయి. మొద్దు మొనతో ఒక్కొక్కదాన్ని సమానమైన ఒత్తిడితో నొక్కండి. వరుస మధ్యలో ఫోన్ ఎత్తకండి. ఆగి మొదలుపెట్టిన చోట ఒత్తిడి మారుతుంది, ఆ తేడా పెయింట్ కింద కూడా కనబడుతుంది. వెల్డింగ్ రకం వ్యాగనైతే ఈ పని లేదు.

4. మడతలు

సగం లోతు ఎచ్ చేసిన గీత మడతకు లోపలి వైపు ఉండాలి. కొన్ని కిట్లలో ఒకటి రెండు చోట్ల దీనికి విరుద్ధంగా ఉంటుంది, సూచనల కాగితంలో చెబుతారు. ఏమీ చెప్పకపోతే లోపలికే.

మడతపెట్టే ముందు మొద్దు బ్లేడుతో ఆ గీత వెంట ఒకటి రెండుసార్లు గీసి లోతు శుభ్రం చేయండి. రేకును గీత దగ్గర స్టీలు స్కేలుతో బల్ల అంచుకు గట్టిగా నొక్కి పట్టి, రెండో స్కేలును కింద నుంచి మొత్తం పొడవునా పెట్టి ఒకేసారి పైకి లేపండి. వేళ్లతో మడిస్తే మధ్యలో ఒక వంపు, చివర్లలో ఒక వంపు వస్తుంది.

ఇత్తడి ఒక్కసారి మడతకు ఒప్పుకుంటుంది. వెనక్కి తీసి మళ్లీ మడిస్తే సహిస్తుంది. మూడోసారి గీత దగ్గర తెగే ప్రమాదం ఉంది. తెగితే కంగారు పడకండి. రెండు ముక్కలనూ మూలమట్టానికి ఆనించి లోపలి నుంచి సోల్డర్ చేస్తే బయటికి తెలియదు.

మడత కుదిరాక లోపలి మూలలో సన్నగా సోల్డర్ పారించండి. అది లేకపోతే ఎన్నాళ్లకైనా ఆ మడత వదులవుతుంది.

5. సోల్డర్ పని

మన ఇళ్లల్లో ఇత్తడి గిన్నెలకు కళాయి పెట్టడం చూసినవాళ్లకు ఈ పని సగం తెలిసినట్టే. గిన్నె శుభ్రంగా ఉండాలి, వేడిగా ఉండాలి, అప్పుడే తగరం పాకుతుంది. ఇక్కడా అంతే. ముక్కలు కలిసే చోట సన్నటి ఎమెరీ కాగితంతో మెరిసేదాకా రుద్దండి. నల్లబడిన పాత రేకైతే చింతపండు రసంతో తోమి బాగా కడిగినా మెరుస్తుంది, నేను చాలాసార్లు చేశాను.

వరుస ఇలా ఉండాలి. ముందు ఐరన్ మొనకు కళాయి పట్టించండి, మొన వెండిలా మెరవాలి. ముక్కలు రెండింటినీ క్లిప్పులతో కలిపి పట్టి, కీలు మీద బ్రష్‌తో ఒక చుక్క ఫ్లక్స్ వేయండి. మొన మీద ఆవగింజంత సోల్డర్ తీసుకుని కీలుకు ఆనించండి. ఫ్లక్స్ చుర్రుమంటుంది, ఒక క్షణం సోల్డర్ బూడిదరంగు ముద్దలా కూర్చుంటుంది. కదలకండి. ఇత్తడి వేడెక్కగానే ఆ ముద్ద ఒక్కసారిగా కరిగి మెరుస్తూ కీలు సందులోకి పరుగెత్తుతుంది. ఆ పరుగు కనబడ్డాకే ఐరన్ తీయండి. ముద్ద ముద్దగానే ఉండిపోతే అది అతకలేదు, పైన కూర్చుంది.

వ్యాగన్ పెట్టె మొత్తం ఒకేసారి సోల్డర్ చేయకండి. ఒక్కో మూలలో ఒక్కో చుక్క పెట్టి ఆగండి. గాజు పలక మీద నిలబెట్టి చూడండి, నాలుగు మూలలూ ఆనాలి. పైనుంచి ఒక మూల నుంచి ఎదురు మూలకు కొలవండి, ఆ రెండో జత మూలలనూ కొలవండి. రెండు కొలతలూ ఒకటే రావాలి. పావు మిల్లీమీటరు దాకా తేడా పట్టించుకోనక్కర్లేదు, అంతకు మించితే ఒక చుక్క కరిగించి సరిచేయండి. ఈ దశలో సరిచేయడం నిమిషం పని. అన్నీ పారించాక అయితే ఒక సాయంత్రం పడుతుంది.

సరిగ్గా ఉందని తేలాక లోపలి నుంచి కీళ్ల వెంట సోల్డర్ పారించండి. ఒకే మూలలో ఎక్కువసేపు ఉండకండి, వేడికి పొడవైన పక్క గోడ అలలా వంకరవుతుంది. ఒక చివర కొంచెం, రెండో చివర కొంచెం చేస్తూ పోండి.

ఎక్కువైన సోల్డర్‌ను అలా వదిలేయకండి. పెయింట్ దాన్ని దాచదు, ఇంకా ఎత్తి చూపిస్తుంది. రాగి జాలితో పీల్చేసి, మిగిలినదాన్ని మొద్దు ఉలి లాంటి పనిముట్టుతో గీకేయండి. ఫైబర్‌గ్లాస్ బ్రష్ కూడా బాగా పనిచేస్తుంది కానీ దాని నూగు చర్మంలో దిగితే రెండు రోజులు గుచ్చుకుంటుంది. గ్లవ్స్, మాస్కు వేసుకుని, కుళాయి నీటి కింద చేయండి.

6. కింది భాగం, చక్రాలు

వ్యాగన్ పట్టాల మీద నిలబడుతుందా, దిగిపోతుందా అన్నది ఇక్కడే తేలుతుంది.

చక్రాల ఇరుసులను పట్టుకునే డబ్ల్యూ ఆకారపు రేకులను డబ్ల్యూ-ఐరన్లు అంటారు. వీటిని మడిచే ముందే బేరింగులు లోపలి వైపు నుంచి పెట్టి సోల్డర్ చేయండి. మడిచాక ఐరన్ మొన లోపలికి పోదు. బేరింగు గుంటలోకి సోల్డర్ పోకూడదు. అందుకని ముందే అందులో అగ్గిపుల్ల చెక్కి దూర్చండి.

మంచి కిట్లలో ఒక చివర డబ్ల్యూ-ఐరన్ కదలకుండా, రెండో చివరది పక్కలకు ఊగేలా ఇస్తారు. మూడు కాళ్ల పీట ఎగుడుదిగుడు నేల మీద కూడా కుదురుగా నిలబడుతుంది కదా, అదే ఏర్పాటు. ఊగే భాగం మీదికి సోల్డర్ పాకితే మొత్తం వృథా. ఆ సందులో కొంచెం నూనె రాసి పెట్టండి, నూనె ఉన్నచోట సోల్డర్ పట్టదు.

చక్రాలు పెట్టి మూడు పరీక్షలు చేయండి.

మొదటిది, గాజు మీద పెడితే నాలుగు చక్రాలూ ఆనాలి. రెండోది, ఒక చక్రం కింద అర మి.మీ. అట్టముక్క పెట్టండి, మిగతా మూడూ గాజును వదలకూడదు. ఇది ఊగే రకానికి మాత్రమే. మూడోది, గాజు పలక ఒక చివర కింద పలచని పుస్తకం పెట్టి వ్యాగన్‌ను వదలండి. దానంతట అదే, తిన్నగా, చివరిదాకా పోవాలి. ఒక పక్కకు లాగుతుంటే ఇరుసులు సమాంతరంగా లేవు. 36 మి.మీ. దూరాన్ని రెండు పక్కలా కొలవండి. మధ్యలో ఆగుతుంటే బేరింగులు బిగుతుగా ఉన్నాయి, డబ్ల్యూ-ఐరన్‌ను వెంట్రుకవాసి బయటికి వంచండి. 16.5 మి.మీ. గేజ్ పట్టాలకైతే చక్రాల లోపలి ముఖాల మధ్య 14.5 మి.మీ. ఉండాలి, అదీ చూడండి.

ఇత్తడి వ్యాగన్లకే ఉన్న చిక్కు ఇంకొకటి ఉంది, దీని గురించి నన్ను చాలామంది అడిగారు. "వ్యాగన్ పట్టాల మీద పెట్టగానే కంట్రోలర్ ట్రిప్ అవుతోంది" అంటారు. కొన్ని చక్రాల జతల్లో ఒక్క చక్రానికే ఇన్సులేషన్ ఉంటుంది. ముందు ఇరుసు ఒక దిక్కు, వెనక ఇరుసు ఇంకో దిక్కు పెడితే కరెంటు ఒక పట్టా నుంచి ఇత్తడి ఒంటి గుండా రెండో పట్టాకు పోతుంది. రెండు ఇరుసుల్లోనూ ఇన్సులేట్ చేసిన చక్రం ఒకే పక్క ఉండాలి. వ్యాగన్ల మధ్య లోహపు గొలుసులు పెట్టేవాళ్లయితే రెండు చక్రాలకూ ఇన్సులేషన్ ఉన్నవే కొనండి.

7. పోత ముక్కలు, బరువు

బఫర్లు (వ్యాగన్ చివర్లలో ఢీకొన్న దెబ్బను ఆపే గుండ్రటి తట్టలు), ఆక్సిల్ బాక్సులు (ఇరుసు కొనల మీది పెట్టెలు) తెల్లలోహపు పోతలుగా వస్తాయి. మామూలు వేడిలో ఉన్న ఐరన్ తగిలితే అవి కళ్లముందే బొట్టులా కరిగిపోతాయి. 70 డిగ్రీల దగ్గర కరిగే సోల్డర్ వాడొచ్చు, కానీ అది ఉత్త ఇత్తడిని పట్టుకోదు. ముందు ఇత్తడి మీద మామూలు సోల్డర్‌తో కళాయి పెట్టాలి. మొదటి కిట్ చేస్తున్నవాళ్లు ఎరాల్డైట్‌తో అతికించండి. నెమ్మదిగా ఆరే రకం తీసుకుంటే తిన్నగా సర్దడానికి టైమ్ ఉంటుంది. ఫెవిక్విక్ వద్దు. దాని ఆవిరి చుట్టూ తెల్లటి పొరలా దిగుతుంది, దెబ్బ తగిలితే ముక్క ఊడిపోతుంది.

బఫర్ల మధ్య బిందువు పట్టా పైనుంచి సుమారు 14 మి.మీ. ఎత్తులో ఉండాలి. పక్కన ఇంకో వ్యాగన్ పెట్టి చూస్తే తేలిపోతుంది.

నాలుగు చక్రాల వ్యాగన్‌కు 50 గ్రాముల దాకా బరువుంటే బాగా నడుస్తుంది. తక్కువైతే నేల కింద, ఇరుసుల మధ్య సీసపు రేకు ముక్కలు ఎరాల్డైట్‌తో అంటించండి. సీసం గుళికలను ఫెవికాల్ లాంటి తెల్ల జిగురుతో మాత్రం పెట్టకండి. కొన్నేళ్లకు సీసం రసాయనికంగా మారి ఉబ్బి, చుట్టూ ఉన్న రేకును పగలదీస్తుంది.

8. కడగడం

నేను చేసిన మొదటి ఇత్తడి వ్యాగన్‌ను తొందరలో కుళాయి కింద ఒకసారి తిప్పి పెయింట్ వేసేశాను. ఆరు నెలల తర్వాత బూడిదరంగు పెయింట్ కింద నుంచి, నిలువు బద్దల మొదట్లో, పచ్చటి చిలుము పొంగుకొచ్చింది. మొత్తం గీకి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. కీళ్లలో దాక్కున్న ఫ్లక్స్ చేసే పని అది.

కాబట్టి పని చేసిన ప్రతి రోజూ చివర కడగండి. పెయింట్ ముందు గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్, పాత టూత్‌బ్రష్‌తో ప్రతి మూలా తోమి, మంచినీళ్లలో రెండుసార్లు ముంచి తీయండి. ఆ తర్వాత ఒక రాత్రి ఆరనిచ్చి ఉదయం చూడండి. ఎక్కడైనా పచ్చగానో, జిగటగానో ఉంటే మళ్లీ తోమండి. శుభ్రంగా ఉన్నాక ఉత్త వేళ్లతో ముట్టుకోకండి.

9. ప్రైమర్

లోహానికి పనికొచ్చే ప్రైమర్, కార్లకు వాడేది కూడా బాగుంటుంది. పలచగా రెండు మూడు పూతలు. కోస్తా ఊళ్లలో వానాకాలం, గాలిలో తేమ ఎక్కువున్న రోజు స్ప్రే చేస్తే పూత పాలిపోయినట్టు తెల్లబడుతుంది. ఎండ కాసిన రోజు మధ్యాహ్నం వేయండి. ప్రైమర్ ఆరాక ఫోన్ టార్చ్‌ను పక్క నుంచి వేసి చూడండి. గీకకుండా వదిలేసిన సోల్డర్ అంతా ఇప్పుడు కనబడుతుంది. సరిచేయడానికి ఇదే చివరి అవకాశం.

10. తుప్పు ముందు, రంగు తర్వాత

ఇక్కడ నాకు గట్టి అభిప్రాయం ఉంది. బూడిదరంగు వేసి, దాని మీద గోధుమరంగు చుక్కలు పెట్టడం తుప్పు కాదు. అది మచ్చలు పడ్డ వ్యాగన్. నిజంగా జరిగేది ఏమిటంటే, అడుగున ఉక్కు తుప్పు పడుతుంది, పైన ఉన్న రంగు పొరలుగా లేచిపోతుంది. మనమూ అదే వరుసలో చేయాలి.

వ్యాగన్ మొత్తానికి, లోపలా బయటా, తుప్పు రంగులు వేయండి. మూడు రంగులు చాలు. పాత తుప్పు తాటిబెల్లం రంగులో, దాదాపు నల్లగా ఉంటుంది. నడివయసుది ఇటుక పొడి రంగు. నిన్న మొన్న పట్టింది నారింజ. ముదురు రంగు మొత్తం పూసి, చిన్న స్పాంజి ముక్కతో ఇటుక రంగు అక్కడక్కడ అద్దండి. నారింజ రంగును మాత్రం పచ్చడిలో ఇంగువలా వాడాలి, మూడు నాలుగు చోట్ల, అంతే. మొదటిసారి చేసేవాళ్లలో పదిమందిలో తొమ్మిదిమంది వ్యాగన్లు నారింజ ఎక్కువై పాడవుతాయి.

ఆరాక మ్యాట్ వార్నిష్ ఒక పూత వేసి రాత్రంతా వదిలేయండి.

11. హెయిర్ స్ప్రే, బూడిదరంగు

వ్యాగన్ బయటి ముఖాల మీద హెయిర్ స్ప్రే రెండు పలచటి పూతలు వేసి పదిహేను నిమిషాలు ఆరనివ్వండి. లోపల వేయకండి. లోపల రంగు ఎలాగూ మిగలదు, బొగ్గు రాసుకుని పోతుంది.

దాని మీద బూడిదరంగు అక్రిలిక్. వ్యాక్యూమ్ బ్రేకులు లేని 16 టన్నుల వ్యాగన్లకు బూడిదరంగు, ఉన్నవాటికి ఎర్రమట్టి లాంటి బాక్సైట్ రంగు వేసేవాళ్లు. అక్రిలిక్‌ను నీటితోనే పలచన చేయండి. ఎనామెల్ రంగు వేస్తే తర్వాతి మెట్టు పనిచేయదు, నీరు దాని కిందికి దిగదు. ఎయిర్‌బ్రష్ లేకపోతే మెత్తని వెడల్పు బ్రష్‌తో ఒక్కో చోట ఒక్కసారే లాగండి. రెండోసారి లాగితే కింది హెయిర్ స్ప్రే కరిగి కలిసిపోతుంది.

హెయిర్ స్ప్రే దొరకకపోతే, ఇష్టం లేకపోతే ఇంకో మార్గం ఉంది. తుప్పు రంగు మీద నీళ్లు చిలకరించి రాతి ఉప్పు పలుకులు చల్లండి. ఆరాక బూడిదరంగు స్ప్రే చేసి, ఉప్పు రాల్చేయండి. అంచులు మొరటుగా వస్తాయి. పెద్ద మరకలకు బాగుంటుంది, చిన్న గీతలకు కాదు.

12. రంగు లేపడం

పూత చేతికి అంటుకోనంత ఆరాక, ఒక అరగంటలో, మొదలుపెట్టండి. రోజుల తరబడి వదిలేస్తే కష్టమవుతుంది. గోరువెచ్చని నీళ్లలో ముంచిన బ్రష్‌తో కావలసిన చోట తడిపి ఒక నిమిషం ఆగండి. తర్వాత గట్టి వెంట్రుకల పొట్టి బ్రష్‌తో చిన్నచిన్నగా పొడవండి. ముందు ఏమీ జరగదు. తర్వాత ఒక చోట రంగు ముడతలా లేస్తుంది, దాని అంచు నుంచి పొర పొరగా ఊడిపోతుంది, కింద తాటిబెల్లం రంగు బయటపడుతుంది. అక్కడ ఆపడం నేర్చుకోవాలి.

ఎక్కడ లేపాలి? ఇందాక చెప్పిన కారణాలు ఇప్పుడు పనికొస్తాయి. తడి బొగ్గు పొడి నేల మూలల్లో పేరుకుంటుంది. బొగ్గులోని గంధకం నీటితో కలిసి ఉక్కును తినేస్తుంది. అందుకని గోడల కింది అంచున లోపలి నుంచి తుప్పు బయటికి వస్తుంది, అక్కడ పెద్ద మరకలు ఉండాలి. నిలువు బద్దలు వెల్డ్ చేసిన గీతల వెంట సన్నగా. తలుపు కీలుల దగ్గర, గొళ్లాలు కొట్టుకునే చోట. మూడో మెట్టులో మీరు ఉబ్బించిన గళ్ల మీద, ఎందుకంటే లోపల దెబ్బ తగిలిన చోటే బయట రంగు పగులుతుంది. గోడల పై అంచు వెంట గీతలు. నునుపైన రేకు మధ్యలో, ఏ కారణమూ లేకుండా ఒక గుండ్రటి మరక పెట్టకండి.

రెండు పక్కలూ ఒకేలా రాకూడదు. ఒక పక్క పూర్తయ్యాక దాన్ని చూడకుండా రెండోది చేయండి.

ఎక్కువ లేచిపోతే? ఆరనిచ్చి, కొంచెం తేడా ఉన్న బూడిదరంగుతో ఆ చోట అద్దండి. రైల్వే మరమ్మతు షాపులూ అలాగే అతుకులు పూసేవి, సహజంగానే ఉంటుంది.

13. నంబరు

ముందు వార్నిష్ వేసి హెయిర్ స్ప్రేను కప్పేయండి. లేకపోతే నీటి ట్రాన్స్‌ఫర్ (నీటిలో తడిపి అంటించే అక్షరాల పొర) అంటించేటప్పుడు కింది రంగు మొత్తం లేచి వస్తుంది. బ్రిటిష్ రైల్వేస్ కట్టిన ఈ వ్యాగన్ల నంబరుకు ముందు బి అక్షరం ఉంటుంది, నల్ల పట్టీ మీద తెల్ల అక్షరాలు. నంబరు చదవడానికి వీల్లేకుండా పోతే ఆ పట్టీ ఒక్కటే మళ్లీ నల్లగా పూసి రాసేవాళ్లు. కాబట్టి తుప్పు పట్టిన వ్యాగన్ మీద శుభ్రమైన నల్ల పట్టీ ఉంటే తప్పు కాదు, నిజానికి చాలా అందంగా ఉంటుంది. తెల్లటి చార దిక్కు మరోసారి చూసుకోండి.

సన్నగా చెక్కిన తెల్ల పెన్సిల్‌తో పక్క మీద ఒకటి రెండు గీతలు రాస్తే సిబ్బంది సుద్దముక్కతో రాసినట్టు ఉంటుంది.

14. మురికి

బర్న్ట్ అంబర్, నలుపు ఆయిల్ రంగులు కలిపి టర్పెంటైన్‌లో డికాక్షన్‌లా పలచన చేసి, బద్దల మూలల్లోకి, తలుపు చుట్టూ పారించండి. పది నిమిషాల తర్వాత టర్పెంటైన్‌లో తడిపి పిండిన బ్రష్‌తో పైనుంచి కిందికి లాగండి. వాన నీరు కిందికే కారుతుంది, మరకలు కూడా కిందికే సాగాలి. పెద్ద తుప్పు మరకల కింద బర్న్ట్ సియన్నా చుక్క పెట్టి అలాగే కిందికి లాగితే తుప్పు కారిన చారలు వస్తాయి.

కింది భాగం వేరు. అక్కడ తుప్పు కంటే బ్రేకుల నుంచి రాలిన ముదురు గోధుమరంగు ధూళి ఎక్కువ. సాఫ్ట్ పేస్టెల్ గీకి పొడి చేసి మెత్తని బ్రష్‌తో అద్దండి. ఆక్సిల్ బాక్సుల మూతల కింద మాత్రం నల్ల ఆయిల్ రంగు కొంచెం మెరిసేలా, అది గ్రీజు. బఫర్ ముఖాలకు కూడా అంతే.

లోపల ముదురు తుప్పు మీద మూలల్లో నల్ల పొడి. బొగ్గు లోడు పెట్టాలనుకుంటే నిజమైన బొగ్గునే నలగ్గొట్టి జల్లించండి, ఏ రంగూ దాని మెరుపును ఇవ్వదు. సింగరేణి ప్రాంతంలో చుట్టాలున్నవాళ్లకు గుప్పెడు బొగ్గు సంపాదించడం కష్టమేం కాదు. మూడు మి.మీ. కంటే పెద్ద పలుకులు తక్కువగా ఉండాలి.

15. చూసుకోవడం

పూర్తయిందనుకున్నాక వ్యాగన్‌ను పట్టాల మీద పెట్టి, కంటి ఎత్తు నుంచి ఫోన్‌తో ఫొటో తీయండి. దాన్ని నలుపు తెలుపులోకి మార్చండి. మరకలన్నీ ఒకే ముదురులో కలిసిపోతే రంగుల తేడా చాలలేదు, కొన్ని చోట్ల ముదురు అద్దండి. అదే కోణంలో తీసిన అసలు వ్యాగన్ ఫొటో పక్కన పెట్టి పోల్చండి. మరక ఒక్కొక్కటీ వేలితో చూపించి "ఇది ఇక్కడ ఎందుకుంది?" అని అడగండి. జవాబు లేని మరకను బూడిదరంగుతో మూసేయండి.

మ్యాట్ వార్నిష్ చివరి పూత వేస్తే పొడి సగం మాయమవుతుంది. అందుకని చేత్తో పట్టుకునే చోట్ల మాత్రమే వార్నిష్ వేసి, కింది భాగం పొడిని అలాగే వదిలేయండి. ఇకమీదట వ్యాగన్‌ను బఫర్ల దగ్గర కాకుండా పెట్టె మధ్యలో, రెండు వేళ్లతో పట్టుకుని ఎత్తండి.

రెండో కిట్ మొదలుపెట్టేవాళ్లు ఒకటి కాకుండా మూడు వ్యాగన్లు కలిపి చేయండి. ఒకటి కొత్తగా పెయింట్ వేయించుకుని వచ్చినది, ఒకటి నడివయసుది, ఒకటి తుప్పు తినేసినది. తుప్పు తినేసిన దానికి హెయిర్ స్ప్రే మూడు పూతలు, కొత్తదానికి అసలు వద్దు, నడివయసుదానికి కింది అంచున, తలుపుల దగ్గర మాత్రమే.